పాత అద్దానికి నలుపు రంగు, వేలెడు బంగారం

పాత సామాన్ల మధ్య గోడ వైపు తిప్పి పెట్టిన అద్దం కనిపిస్తే దాన్ని ముందుకు తిప్పి చూడకుండా నేను ఉండలేను. ఇరవై రెండేళ్లు ఒక గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు అట్టలు కట్టాను. తోలు మీద బంగారు రేకు అద్దడం, అట్ట అంచుల గరుకు తీయడం, జిగురు ఆరేదాకా దాన్ని ముట్టుకోకుండా ఉండడం ఆ ఉద్యోగం నేర్పిన పనులు. అద్దాల చట్రాల దగ్గరా పనికొచ్చేవి అవే. ఇప్పటికి పంతొమ్మిది అద్దాలు బాగుచేశాను.

మొదటిదానికి చట్రమంతా బంగారు రంగు స్ప్రే చేశాను. ఆరుబయట చూస్తే బాగానే ఉంది. గోడకు తగిలించాక మాత్రం ఎంత చూసినా కంటికి కుదరలేదు. ఎందుకో తెలియడానికి మరో రెండు అద్దాలు చేయాల్సి వచ్చింది. మెరవడం అద్దం స్వభావం. చట్రం కూడా మెరిస్తే రెండూ పోటీ పడతాయి, చూపు ఎక్కడా నిలవదు. చేయి తిరిగిన పనివాళ్లు చేసిన పాత చట్రాలను దగ్గరగా చూడండి. వాటిలో చాలా భాగం మసకగా, నీడగా ఉంటుంది. బంగారం ఉన్న చోట కూడా అది ఎత్తుల మీద వెలిగి పల్లాల్లో ఆరిపోతుంది. నా పద్ధతంతా ఇక్కడి నుంచి వచ్చిందే. మెరుపును అద్దానికి వదిలేస్తాను. చట్రాన్ని ముదురు రంగులో, మసకగా ఉంచుతాను. దాని లోపలి అంచుకు మాత్రమే, వేలెడు వెడల్పున, బంగారు రేకు అద్దుతాను.

ఎంచుకునేటప్పుడు

చట్రం రంగును అసలు పట్టించుకోకండి, అది ఎలాగూ పోతుంది. చూడాల్సింది చట్రం లోతు. గోడ నుంచి మూడు నాలుగు సెంటీమీటర్లు ముందుకు వచ్చి, అంచుల్లో మెట్లు మెట్లుగా దిగే చట్రం దొరికితే వదలకండి. ఆ మెట్ల కింద పడే నీడే దానికి హుందాతనం ఇస్తుంది. ఏ రంగూ ఆ నీడను తెచ్చి పెట్టలేదు. బల్లపరుపుగా, పలుచగా ఉన్న చట్రానికి ఎంత పని చేసినా ఫలితం తక్కువే.

తర్వాత గాజు. అద్దానికి కొంచెం పక్కగా నిలబడి, అందులో ఏదైనా తిన్నని గీతను, తలుపు అంచునో కిటికీ చువ్వనో, చూస్తూ తలను మెల్లగా అటూ ఇటూ కదపండి. గీత పాములా వంకర్లు తిరిగితే గాజు పలుచనిది, లేదా వెనక అట్ట దాన్ని ఒకవైపు నెడుతోంది. పెన్సిలు మొనను అద్దానికి ఆనించి చూస్తే మొనకూ దాని ప్రతిబింబానికీ మధ్య కొంత ఎడం కనిపిస్తుంది. ఎడం ఎక్కువగా ఉంటే గాజు మందంగా ఉన్నట్టు. రెండు మిల్లీమీటర్ల గాజు పెద్ద చట్రంలో వంగిపోతుంది. నాలుగు, ఐదు మిల్లీమీటర్లు ఉంటే నిశ్చింత. అంచు చుట్టూ ఏటవాలుగా చెక్కిన గాజైతే అది కనిపించిన వెంటనే తీసుకోవాల్సిన వస్తువు. ఆ ఏటవాలు వేలెడు వెడల్పున వెలుగును విరిచి ఇంకో సన్నని చట్రంలా నిలుస్తుంది.

బరువు కూడా అక్కడే లెక్క వేసుకోండి. చదరపు మీటరు గాజు, ఒక మిల్లీమీటరు మందానికి, రెండున్నర కిలోలు తూగుతుంది. 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల ఎత్తు, 4 మిల్లీమీటర్ల మందం ఉంటే గాజే 5.4 కిలోలు. గట్టి చెక్క చట్రంతో కలిపి ఎనిమిది కిలోలు దాటవచ్చు. అంత బరువు మోయలేని గోడ మీద వేలాడదీయాలన్న ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోవడం మేలు.

రెండు హెచ్చరికలు. మొదటిది, అద్దం నిజంగా చాలా పాతదైతే వెనక పూత వెండి కాకపోవచ్చు. తగరం రేకు మీద పాదరసం పోసి అద్దాలు చేయడం కొన్ని శతాబ్దాల పాటు నడిచింది. గాజు మీద వెండిని పలుచగా పేర్చే రసాయన చర్యను జర్మన్ శాస్త్రవేత్త జస్టస్ ఫాన్ లీబిగ్ 1835లో కనుక్కున్నాక ఆ పద్ధతి క్రమంగా వెనక్కి తగ్గింది. ప్రతిబింబం నీలి బూడిద ఛాయలో ఉండి, మచ్చల్లో సన్నని పలుకుల్లాంటి మెరుపు కనిపిస్తే, వెనక కింది అంచున బూడిద రంగు పొడో చిన్న బొట్లో పేరుకుని ఉంటే, దాన్ని విప్పకండి, గీకకండి. అలాంటి అద్దాన్ని పాత వస్తువులను భద్రపరిచే నిపుణుల చేతికి అప్పగించాలి. రెండోది, పాత చట్రాల రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది, చాలా చోట్ల అది ఆ తర్వాత కూడా కొనసాగింది. వయసు తెలియని చట్రాన్ని పొడిగా రుద్దవద్దు. నీళ్లు తగిలినా చెడని గరుకు కాగితాన్ని తడిపి రుద్దండి, మంచి మాస్కు పెట్టుకోండి, తుడిచిన గుడ్డలను పారేయండి. పిల్లలున్న ఇంట్లో ఈ పని లోపలి గదుల్లో చేయకూడదు.

విప్పడం, కడగడం

వీలైతే గాజును చట్రం నుంచి విడదీయండి. అద్దాన్ని దుప్పటి మీద బోర్లించి, వెనక కాగితం చింపి, చిన్న మేకులను చప్పిడి ముక్కు పటకారుతో ఒక్కొక్కటే లాగండి. మేకును పైకి ఎత్తేటప్పుడు పటకారు గాజు మీద ఊతం తీసుకోకూడదు. మధ్యలో చిన్న చెక్క ముక్క పెట్టండి. చేతులకు తోలు తొడుగులు తప్పనిసరి. విడదీసిన గాజును ఎప్పుడూ నిలువుగానే మోయండి, నిలువుగానే ఆనించండి. అడ్డంగా పట్టుకుంటే తన బరువుకు తానే విరుగుతుంది.

గాజు చట్రంలో అతుక్కుపోయి రాకపోతే బలవంతం చేయకండి. పాత పుస్తకాల గుర్తింపు కార్డుల్లాంటి పలుచని అట్ట ముక్కలను చట్రం పెదవికీ (గాజు అంచును ముందు నుంచి కప్పే భాగం) గాజుకూ మధ్య చుట్టూ దూర్చి, వాటి మీద కాగితం పరిచి టేపు అంటించండి. టేపు ఒక్కటే అంటిస్తే రంగు దాని కిందికి పాకుతుంది. అట్ట లోపలికి దూరి ఉంటే పాకదు.

గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో మెత్తని బ్రష్షు ముంచి దానితో చట్రాన్ని కడగండి. చట్రాన్ని నీళ్లలో ముంచకండి, దాని మీద నీళ్లు పోయకండి. తడి గుడ్డతో రెండుసార్లు తుడిచి ఒక రోజంతా ఆరనివ్వండి. రంగు పొరలుగా ఊడిపోయిందని నాకు చెప్పిన వాళ్లలో చాలామంది ఈ కడుగుడు మానేసినవాళ్లే. ఏళ్ల తరబడి పట్టిన చేతి జిడ్డు, పాలిష్ మైనం మీద ఏ రంగూ నిలవదు.

చట్రం బాగుచేయడం

నగిషీ చట్రాల్లో ఎక్కడో ఒక చోట ఆకు మొన విరిగి ఉంటుంది. చాలా నగిషీలు చెక్కినవి కావు, అచ్చు పోసినవి. అందుకే అదే ఆకు చట్రం మీద ఇంకో చోట నిండుగా కనిపిస్తుంది. దాని మీద రెండు భాగాలు కలిపి పిసికే అచ్చు సిలికాన్ ముద్దను నొక్కి, గట్టిపడ్డాక తీస్తే అచ్చు తయారవుతుంది. అందులో ఎపాక్సీ పుట్టీ నింపి, సగం గట్టిపడ్డప్పుడే తీసి, విరిగిన చోట వంపుకు తగ్గట్టు అమర్చండి. పూర్తిగా గట్టిపడ్డాక అమర్చాలంటే వంగదు. అతుకు దగ్గర మిగిలిన ముద్దను తడి వేలితో సర్దితే తర్వాత రుద్దుడు తగ్గుతుంది. మరీ చిన్న విరుగుళ్లను నేను అలాగే వదిలేస్తాను. అన్నీ సరిచేసిన చట్రం కొత్తదానిలా కనిపిస్తుంది, అది నాకు ఇష్టం ఉండదు.

మూలలు విడిపోయి ఉంటే వాటి సంగతి ముందు చూడాలి. విడిపోయిన మూలలోని పాత జిగురును గీకి తీసి, చెక్క జిగురు రాసి, చట్రం చుట్టూ తాడు బిగించి రాత్రంతా ఉంచండి. బిగించిన వెంటనే ఒక మూల నుంచి ఎదుటి మూలకు టేపుతో కొలవండి. రెండు కర్ణాలూ సమానంగా ఉంటే చట్రం మూలమట్టానికి ఉన్నట్టే. ఐదు మిల్లీమీటర్లు తేడా వచ్చినా గాజు మళ్ళీ ఇమడదు.

ఇక రుద్దడం. 120 నంబరు గరుకు కాగితంతో పాత మెరుపు పోయేదాకా, 220తో గీతలు పోయేదాకా. నగిషీ పల్లాల్లో కాగితం వెళ్లదు. అక్కడ పీచుగా ఉండే నైలాన్ రుద్దుడు ముక్క వాడండి. చెక్క రంగు కనిపించేదాకా గీకక్కర్లేదు, కొత్త పూత పట్టుకునేంత గరుకుదనం చాలు. ప్లాస్టిక్ చట్రాన్ని కూడా ఇలాగే చేయవచ్చు. దానికి ప్లాస్టిక్ మీద పట్టే ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) విడిగా కావాలి. మామూలు ప్రైమర్ గోటితో గీకితే ఊడి వస్తుంది.

చెక్క చట్రానికి లక్కతో చేసిన ప్రైమర్ నా ఎంపిక. పాత చెక్కలోని రంగు, మరకలు పైకి ఉబికి రాకుండా అది ఆపుతుంది, గంటలోపే ఆరుతుంది. స్పిరిట్‌లో కరిగిన లక్క కాబట్టి కిటికీలు తెరిచి, మంటకు దూరంగా పనిచేయండి. ప్రైమర్ ఆరాక 320తో చేతి బరువు వేయకుండా ఒక్కసారి తుడిచినట్టు రుద్దండి. ఇక్కడ అరచేతితో తడిమితే కాగితం తగిలినట్టు ఉండాలి. ఇసుక తగిలినట్టు ఉంటే మళ్ళీ రుద్దాలి. పుస్తకం అట్ట మీద ధూళి రేణువు ఒక్కటి మిగిలినా తోలు అంటించాక అది కందిలా కనిపిస్తుంది. చట్రం మీద రంగూ అంతే, కింద ఉన్నదాన్ని దాచదు, పైకి చూపిస్తుంది.

నలుపు, దాని తర్వాత బంగారం

డబ్బాలో ఉన్న నలుపును ఉన్నట్టుగా వేయకండి. పచ్చి నలుపు ఇంట్లో బొగ్గు గీతలా చల్లగా ఉంటుంది. పది వంతుల నలుపుకు ఒక వంతు ముదురు గోధుమ రంగు కలపండి. చీకటిలో నలుపుగా, దీపం దగ్గర ముదురు కాఫీ రంగుగా కనిపించే ఆ ఛాయ గదిలో దేనితోనైనా కలుస్తుంది. మెరవని మ్యాట్ రకం రంగు తీసుకుని, నీళ్లు కొంచెం కలిపి పలుచన చేసి మూడు పూతలు వేయండి. ఒక మందపాటి పూత కంటే మూడు పలుచని పూతల్లో కుంచె గీతలు తక్కువ. కుంచెను చట్రం పొడవు వెంట మాత్రమే నడపాలి, మూల దగ్గర ఆపి, పక్క చెక్కను విడిగా మొదలుపెట్టాలి. అప్పుడు 45 డిగ్రీల అతుకు గీత తిన్నగా నిలుస్తుంది. అతుకును రంగుతో పూడ్చేసిన చట్రం అచ్చు పోసినదానిలా ఉంటుంది.

రంగు వేసేటప్పుడు చట్రం లోపల గాజు కూర్చునే గాడికి కూడా నలుపు వేయండి. చాలామంది ఈ ఒక్క పని మరిచిపోతారు, చట్రం ఇంట్లో చేసినదని చెప్పేది ఇదే. గాజుకు మందం ఉంది, వెండి పూత వెనక ఉంది. అందువల్ల చట్రం పెదవి లోపలి వైపు, మనకు నేరుగా కనిపించనిది, అద్దంలో ప్రతిబింబించి కనిపిస్తుంది. అక్కడ పచ్చి చెక్కో పాత జిగురో ఉంటే అద్దం చుట్టూ లేత గీత వచ్చి కూర్చుంటుంది. గాజు అంచులకు కూడా నల్లని మార్కరు ఒకసారి తిప్పితే పచ్చని మెరుపు కనిపించదు.

ఇప్పుడు లోపలి అంచు. రేకు అద్దబోయే వేలెడు వెడల్పుకు ముందు ఇటుక ఎరుపు రంగు వేయండి. బంగారం కింద ఎర్రమట్టి పూయడం పాత పనివాళ్ల అలవాటు. రేకు అతి పలుచన కాబట్టి ఎక్కడో ఒక చోట చిట్లుతుంది, అరుగుతుంది. ఆ పగుళ్లలో తెలుపు కనిపిస్తే గాయంలా ఉంటుంది, ఎరుపు కనిపిస్తే బంగారానికే వెచ్చదనం వస్తుంది. తోలు అట్టల మీద కూడా ముదురు ఎరుపు తోలు మీద అద్దిన బంగారమే నా కంటికి ఎప్పుడూ నిండుగా అనిపించేది.

అసలు బంగారు రేకు మందం మిల్లీమీటరులో పదివేల వంతు. చేత్తో ముట్టుకుంటే వేలికి అంటి మాయమవుతుంది. మొదటిసారి చేసేవాళ్లు రాగి, తుత్తునాగం కలిసిన నకిలీ రేకుతో మొదలుపెట్టండి. అది మందంగా ఉంటుంది, 14 సెంటీమీటర్ల చదరపు ముక్కలుగా వస్తుంది, వేళ్ల మధ్య నిలుస్తుంది. రేకులు చిన్న పుస్తకంలా కాగితాల మధ్య వస్తాయి, ఆ కాగితంతో సహా దాన్ని కత్తెరతో అంచు కంటే కొంచెం వెడల్పుగా పట్టీలుగా కత్తిరించుకోండి.

రేకు అంటించే నీటి జిగురును ఎరుపు మీద పలుచగా, ఒక్క చోటా వదలకుండా రాయండి. పాలలా తెల్లగా ఉన్న జిగురు పావుగంట, ఇరవై నిమిషాల్లో గాజులా పారదర్శకం అవుతుంది. వేలి కణుపుతో తాకి చూడండి. అంటుకున్నట్టు ఉండి, తీసేటప్పుడు చిన్న చప్పుడుతో విడిపోవాలి. జిగురు ఇంకా తడిగా ఉన్నప్పుడు రేకు వేస్తే రేకు అందులో మునిగి మెరుపు పోతుంది. ఫ్యాను ఆపండి, కిటికీ మూయండి. కాగితాన్ని చేత పట్టుకుని రేకును అంచు మీదికి దించి, కాగితం మీద నుంచే వేలితో నొక్కి, కాగితం తీసేయండి. పక్క ముక్క నాలుగైదు మిల్లీమీటర్లు మొదటిదాని మీదికి రావాలి. మిగిలిన రెక్కలను వెంటనే పీకకండి. ఒక గంట ఆగి మెత్తని పొడి కుంచెతో తుడిస్తే జిగురు లేని చోటి రేకు దానంతట అదే రాలుతుంది. రాలిన పొడిని దాచుకోండి, ఖాళీలు మిగిలిన చోట అద్దడానికి పనికొస్తుంది. అన్ని ఖాళీలూ పూడ్చకండి.

ఒక రోజు ఆగాక ఉన్ని ముక్కతో నెమ్మదిగా రుద్దితే ఎత్తు అంచుల్లో ఎరుపు తొంగిచూస్తుంది. అక్కడ ఆపాలి. ఎప్పుడు ఆపాలో చెప్పే కొలత ఏదీ లేదు. నేను నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి చూసి, ఎరుపు విడిగా కనిపించకుండా బంగారం వెచ్చగా మాత్రమే అనిపిస్తే ఆపేస్తాను.

నకిలీ రేకులో రాగి ఉంది కాబట్టి గాలి తగిలితే నల్లబడుతుంది. లక్కను స్పిరిట్‌లో కరిగించిన పలుచని పూత ఒకటి దాని మీద వేయాలి. ఆ పూత ఆరాక ఇంకో పని ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ముదురు గోధుమ రంగును నీళ్లలో టీ అంత పలుచన చేసి బంగారం మీద రాసి, నిమిషంలోపు మెత్తని గుడ్డతో తుడిచేయండి. పల్లాల్లో, మూలల్లో రంగు మిగులుతుంది, ఎత్తుల మీద పోతుంది. స్ప్రే డబ్బా బంగారానికి, ఈ బంగారానికి మధ్య తేడా అంతా ఆ మిగిలిన గోధుమ రంగులోనే ఉంది. చివరికి నలుపు భాగానికి రంగులేని మైనం పలుచగా రాసి, పది నిమిషాల తర్వాత గుడ్డతో తుడవండి. మెరిసే వార్నిష్ వద్దు.

మచ్చలు పడిన అద్దం

అంచుల్లో నల్లని మచ్చలు పాకాయంటే తేమ వెనక పూత దాటి వెండిని చేరిందని అర్థం. పోయిన వెండిని ఇంట్లో తిరిగి తేలేము. మచ్చలు రెండు సెంటీమీటర్ల లోపు ఉంటే చట్రం పెదవికి లోపలి వైపు సన్నని చెక్క పట్టీ చేర్చి కప్పవచ్చు. నడిమికి వచ్చి ఉంటే, నా సలహా వాటిని ప్రేమించమనే. ముదురు చట్రంలో మచ్చల అద్దం ఎంతో అందంగా ఉంటుంది. ముఖం చూసుకోవడానికి కాకుండా దీపం పక్కన వెలుగును పంచడానికి దాన్ని ఉంచండి.

మచ్చలు లేని కొత్త అద్దానికి కావాలనే పాతదనం తెచ్చే పద్ధతి కూడా ఉంది. వెనక రంగును జెల్ రకం రంగు తొలగించే మందుతో, అంచుల దగ్గర మాత్రమే, మెత్తబరిచి ప్లాస్టిక్ ముక్కతో తీసి, నీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాలి. తర్వాత పలుచన చేసిన బ్లీచును స్పాంజితో అక్కడక్కడా అద్దితే వెండి నెమ్మదిగా మసకబారి మబ్బుల్లాంటి మరకలు వస్తాయి. కొన్ని నిమిషాల్లో రావచ్చు, అరగంటా పట్టవచ్చు. ముందు వైపు నుంచి చూస్తూ ఉండండి. అనుకున్న దానికి కొంచెం ముందే నీళ్లతో కడిగేయండి, ఎందుకంటే ఆరేలోపు మచ్చలు ఇంకాస్త పెరుగుతాయి. ఆరాక వెనక అంతా నల్లని రంగు వేయాలి. ఆరుబయట, కళ్లద్దాలు, చేతి తొడుగులతో చేయండి. బ్లీచును ఆమ్లంతో గానీ అమోనియా ఉన్న ద్రవంతో గానీ కలపకండి, విష వాయువులు పుడతాయి. చిన్న పాత అద్దం ముక్క మీద ఒకసారి చేసి చూడకుండా పెద్దదాని జోలికి వెళ్లవద్దు.

చట్రమే లేని అద్దం

స్నానాల గదుల్లోంచి, బీరువాల తలుపుల్లోంచి తీసిన పెద్ద ఉత్త అద్దాలు తరచూ దొరుకుతాయి. వీటికి సన్నని చెక్క పట్టీలతో గళ్లు కట్టడం నాకు నచ్చిన దారి. దీనికి చరిత్ర కూడా ఉంది. 1684లో పూర్తయిన వెర్సాయ్ భవనపు అద్దాల మందిరంలో 17 తోరణాలు, ఒక్కో తోరణంలో 21 అద్దాలు, మొత్తం 357. పెద్ద పలకలు చేయడం అప్పుడు కష్టం కాబట్టి ముక్కలు పేర్చారు. ఇవాళ ఆ గళ్లు మన కంటికి పాత భవనపు కిటికీని గుర్తు చేస్తాయి. పట్టీలు రెండు సెంటీమీటర్లకు మించకూడదు, గళ్లు అడ్డం కంటే నిలువు ఎక్కువగా ఉండాలి. పట్టీలకు అద్దం వైపు ఉండే ముఖానికి కూడా ముందే రంగు వేయండి, కారణం పైన చెప్పిందే. మామూలు అద్దాన్ని కోయించి చిన్నది చేయవచ్చు. గట్టిపరిచిన గాజును మాత్రం కోయలేము, కోయబోతే మొత్తం పలుకులుగా రాలుతుంది. అలాంటి గాజుకు తరచూ మూలలో చిన్న ముద్ర ఉంటుంది, ఉందేమో చూడండి.

అంటించే జిగురు విషయంలో నేను ఒక మంచి అద్దాన్ని పోగొట్టుకున్నాను. పలక వెనక మామూలు సిలికాన్ నాలుగు గీతలు గీసి ప్లైవుడ్‌కు అంటించాను. ఆరు నెలలకు ముందు వైపు అవే నాలుగు గీతలు గోధుమ రంగులో తేలాయి. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేసే సిలికాన్ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది వెనక పూతను దాటి వెండిని తినేస్తుంది. అద్దాలకు ఆ ఆమ్లాన్ని వదలని న్యూట్రల్ రకం సిలికాన్ గానీ అద్దాల కోసమే చేసిన జిగురు గానీ వాడాలి. గీతలు నిలువుగా గీయండి, తేమ కిందికి జారిపోయే దారి ఉంటుంది.

తిరిగి కూర్చడం, వేలాడదీయడం

గాజుకూ గాడికీ మధ్య చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. చెక్క వానకాలంలో ఉబ్బుతుంది, గాజు ఉబ్బదు. గాజు వెనక ఆమ్లం లేని అట్ట పెట్టి, మేకులను గాజు మీద ఒత్తిడి పడకుండా దించి, వెనకంతా గట్టి గోధుమ కాగితం అంటించండి. కాగితాన్ని కొద్దిగా తడిపి అంటిస్తే ఆరాక డోలు తోలులా బిగుసుకుంటుంది.

తీగతో వేలాడదీసేవాళ్లు తీగను బిగుతుగా అడ్డంగా కడతారు. తీగ ఎంత చదునుగా ఉంటే దాని మీద లాగుడు అంత ఎక్కువ. అడ్డానికి 30 డిగ్రీల వంపులో ఉంటే ఒక్కో వైపు తీగ మీద అద్దం మొత్తం బరువంత లాగుడు పడుతుంది. 10 డిగ్రీలే ఉంటే అది దాదాపు మూడింతలు. ఐదు కిలోలు దాటిన అద్దానికి నేను తీగ వాడను. ఒక చెక్క పలకను పొడవునా 45 డిగ్రీల ఏటవాలుగా కోసి, ఒక సగాన్ని గోడకు, మరో సగాన్ని చట్రం వెనక పై పట్టీకి స్క్రూలతో బిగిస్తాను. ఏటవాలు అంచులు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. గోడ పట్టీని రసమట్టంతో సరిచూస్తే అద్దం ఎప్పటికీ వంకర పోదు. కింది మూలల్లో అంతే మందం ఉన్న చెక్క ముక్కలు అంటించండి. గోడకూ అద్దానికీ మధ్య గాలి ఆడితే చెమ్మ వెండిని చేరదు.

అద్దం నడిమి భాగం నేల నుంచి 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడ్డవాళ్లకు కుదురుతుంది. బల్ల మీద పెడితే బల్ల పొడవులో మూడింట రెండు వంతుల వెడల్పు అద్దం, బల్లకు 15 నుంచి 20 సెంటీమీటర్ల పైన. అయితే కొలతల కంటే ముందు ఒక పని చేయండి. మేకు కొట్టకముందు, ఒకరు అద్దాన్ని గోడకు ఆనించి పట్టుకుంటే, మీరు రోజూ కూర్చునే చోట కూర్చుని అందులో ఏమి కనిపిస్తుందో చూడండి. పుస్తకాల అరో, కిటికీలోని చెట్టో కనిపిస్తే అక్కడే. వైర్ల గుంపో, చెప్పుల వరసో కనిపిస్తే మరో గోడ వెతకండి. నా తొమ్మిదో అద్దం మూడు గోడలు మారి, చివరికి కిటికీకి పక్క గోడ మీద, సాయంత్రపు వెలుగు పుస్తకాల వీపుల మీద పడేది కనిపించే చోట నిలిచింది.

తుడిచేటప్పుడు ద్రవాన్ని అద్దం మీద చల్లకండి, గుడ్డ మీద చల్లండి. చల్లిన ద్రవం కిందికి జారి చట్రం గాడిలో చేరుతుంది, నల్ల అంచులు మొదలయ్యేది అక్కడే. అమోనియా ఉన్న ద్రవాలు అసలు వద్దు. మెత్తని గుడ్డ, ఖనిజాలు లేని శుద్ధ నీరు చాలు. బంగారు అంచును పొడి కుంచెతో దులపండి, తడి తగలనివ్వకండి.